ఎర్రనీళ్ళు

రాయగడ స్టేషన్లో కోరాపుట్ వెళ్ళే బండి కోసం కూర్చున్నాను. పక్క బెంచీ మీద ఒక పెద్దావిడ నీళ్ళ సీసాలో ఏదో పొడి పోసి, మూత బిగించి, గట్టిగా గిలకొడుతోంది. మూత తీసి పక్కనున్న ముసలాయనకి అందించేసరికి ఆ వాసన నా దాకా వచ్చింది. పైన నారింజ పిప్పరమెంటు వాసన, దాని అడుగున విరేచనాలకి వాడే సునాముఖి ఆకు చేదు. విప్పబోతున్న టిఫిన్ పొట్లాన్ని మళ్ళీ సంచిలో కుక్కేశాను. ఆ వాసన నాకు కొత్త కాదు. దామంజోడిలో మా నాయుడు బాబాయి ఇంట్లో ఎప్పుడు అడుగుపెట్టినా అదే వాసన వచ్చిన రోజులున్నాయి. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. చూడవలసిన మనిషి. ఇప్పుడు చూద్దామన్నా లేడు గనక చెప్పడమైనా చెప్పాలి.

నాది గుణుపురం దగ్గర పల్లె. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి అక్కడ పొలాలు చేసుకున్నవాళ్ళు. నేను ఐటీఐ చదివి దామంజోడి అల్యూమినా రిఫైనరీలో ట్రైనీగా చేరాను. మా పనేమిటో తెలియనివాళ్ళకి ఒక్క ముక్క చెప్పాలి. కొండ మీంచి తెచ్చిన ఎర్రటి బాక్సైటు రాయిని కాస్టిక్ సోడాలో ఉడకేసి తెల్లటి పొడి తీస్తారక్కడ. ఆ ద్రవం పారే పైపుల్లో, నిలవుండే ట్యాంకుల్లో, లోపలి గోడలకి రాయిలాంటి పెచ్చు కడుతుంది. మేం దాన్ని స్కేలు అంటాం. ఎప్పటికప్పుడు కొట్టీ కడిగీ తీయకపోతే పైపు మూసుకుపోతుంది, పని ఆగిపోతుంది. ఆ స్కేలు తీసే గ్యాంగుకి ఫోర్‌మన్ అప్పలనాయుడు గారు, నేను బాబాయి అని పిలిచింది ఆయన్నే. విజయనగరం వైపు మనిషి. పొట్టిగా, నల్లగా, ఎప్పుడూ ఏదో ఒకటి కసురుతూ ఉండేవాడు. కసిరితే ప్రేమని కొన్నాళ్ళకి గాని నాకు అర్థం కాలేదు.

మొదటి వారంలోనే చేతికి చిన్న సుత్తి ఇచ్చి పైపు కొట్టమన్నాడు. ఖాళీ పైపు గంటలా ఖంగుమంటుంది, స్కేలు పట్టినది దబ్బుమంటుంది. నేను కొట్టి, విని, "బాగానే ఉంది బాబాయ్" అన్నాను. ఆయన నన్నొక చూపు చూశాడు. "నీ సెవికి బాగుంటే సరిపోద్దేటి అమ్మీ? మూత ఇప్పించు. లైటేసి సూడు. సూసేక సెప్పు" అన్నాడు. మూత విప్పిస్తే లోపల సగం దాకా పూడిపోయి ఉంది. నా మొహం మాడిపోయింది. ఆయన నవ్వలేదు, తిట్టనూ లేదు. ఏ ట్యాంకు కడిగినా చివరికి ఒక మనిషి లోపలికి దిగి, లైటు పట్టుకుని గోడంతా చూస్తే తప్ప ఆయన సంతకం పడేది కాదు. పైనుంచి ఎవరొచ్చి తొందరపెట్టినా సరే. ఒకసారి ఆ దిగే మనిషిగా నన్ను పంపబోతే గ్యాంగులో గొణుగుడు మొదలైంది, ఆడపిల్ల ఏమిటి, ట్యాంకులోకి దిగడమేమిటి అని. "స్కేలుకి ఆడా మగా తెల్దురా. గాలి సూసేరా, తాడు కట్టేరా, అంతే. దిగవే అమ్మీ" అన్నాడు. దిగాను. ఆ రోజు నుంచి ఆ ప్లాంటులో నన్ను ట్రైనీ పిల్ల అన్నవాడు లేడు.

ఇంకో సంగతి కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను, అదే తర్వాత ఆయన పీకల మీదకి వచ్చింది. పైపులోకి యాసిడ్ పంపి కడిగేటప్పుడు అవతలి కొసన మొదట ఏమీ రాదు. కాసేపటికి ఎర్రనీళ్ళు వస్తాయి. ఆ ఎరుపు కోసమే అందరం కాచుకుని ఉంటాం. అది కనిపించగానే బాబాయి తలపాగా తువ్వాలు విప్పి మొహం తుడుచుకుని, "ఊడతన్నాదిరా, ఊడతన్నాది!" అనేవాడు. మాకు ఎర్రనీళ్ళంటే మంచి కబురు. అప్పుడే టీ తాగేవాళ్ళం.

రిటైర్మెంటు దగ్గర పడుతుండగా ఆయనకి కడుపు తేడా చేసింది. నాలుగు రోజులు బిగదీసుకుపోవడం, రెండు రోజులు ఊడ్చేయడం. మనిషి చిక్కిపోతున్నాడు. ఆయన భార్య పైడమ్మ పిన్ని పథ్యం వంటలు చేసి పెట్టేది, ఆయన కంచంలో కెలికి లేచిపోయేవాడు. అప్పుడే ఎవరో తీసుకెళ్తే రాయగడలో ఒక లాడ్జి హాల్లో పెట్టిన ఆరోగ్య మీటింగుకి వెళ్ళొచ్చాడు. వచ్చినవాడి మొహం చూడాలి, వెలిగిపోతోంది! అక్కడి ఏజెంటు అమ్మిన పొడి డబ్బా బల్ల మీద పెట్టి, జేబులోంచి రంగు కాగితం తీసి నా ముందు పరిచాడు. అందులో పేగు బొమ్మ. లోపలి గోడంతా నల్లటి పెచ్చు కట్టి, మధ్యలో వేలు పట్టేంత సందు. అచ్చం మా పైపే.

"సూసేవా? నానెప్పుడో అనుకోవాల్సింది. ఇన్నేళ్ళు సరుకు పారితే గోడకి పట్టకుండా ఉంటాదేటి? ఈ పొడి స్కేలుని ఊడగొడతాదంట."

"పేగు ఇనుపదేటి బాబాయ్, పెచ్చు కట్టడానికి? డాక్టర్ని అడుగు" అన్నాను. నేను కూడా ఆయన దగ్గర ఆయన యాసలోకే జారిపోయేదాన్ని.

"పోమ్మీ. స్కేలు సంగతి డాక్టరుకేటి తెలుసు? నాకు తెలుసు."

ఇంకెవరైనా ఆ కాగితం చూసి నవ్వి పారేసేవాళ్ళేమో. స్కేలు తీయడమే బతుకైన మనిషి ఎలా పారేస్తాడు? ఆ బొమ్మ వేసినవాడెవడో గాని సరిగ్గా మావాళ్ళ కోసమే వేసినట్టుంది.

పొడి మొదలెట్టిన వారానికి విరేచనంలో నల్లటి, రబ్బరులాంటి పేలికలు పడ్డాయి. నన్ను పిలిచి మరీ వర్ణించాడు, ఛీ ఛీ అని నేను చెవులు మూసుకుంటున్నా వదలకుండా. పిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ ఇంట్లో మేం ముగ్గురం కలిసి నవ్విన ఆఖరి సాయంత్రాల్లో అదొకటి. నాయుడు గారికి పనిచేసిందనే కబురు గ్యాంగంతా పాకింది. ఆయన మాటంటే అక్కడ మాటే మరి. లమ్తపుట్ వైపు ఊళ్ళ నుంచి వచ్చే కాంట్రాక్టు కూలీలు కూడా వచ్చి అడిగేవాళ్ళు. తన డబ్బాలోంచి చెంచాడు చెంచాడు పొట్లాలు కట్టి ఇచ్చేవాడు.

తర్వాత ఒకరోజు క్యాంటీన్లో టీ గ్లాసు పెట్టి, గొంతు తగ్గించి చెప్పాడు. "అమ్మీ, ఎర్రనీళ్ళొస్తన్నాయి."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన వైపు చూశాను. ఆయన మొహంలో భయం లేదు. పైపు చివర కాచుకుని ఉన్నప్పటి మొహమే అది. "ఊడతన్నాది" అన్నాడు. నేను లేచి నిలబడి అరిచాను, క్యాంటీనంతా తిరిగి చూసింది. అది రక్తం, పైపు తుప్పు కాదు, ఇవాళే ఆసుపత్రికి పద అని. ఆయనకి కోపం వచ్చింది. పని నేర్పినవాడికే నువ్వు నేర్పుతున్నావా అన్నాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు మా మధ్య మాటల్లేవు. పిన్నితో చెప్పించాను, మా నాన్న చేత ఫోను చేయించాను. అడిగిన వాళ్ళందరికీ ఒకటే జవాబు, "కోర్సు పూర్తవనీండి." పెచ్చు ఎంత పాతదైతే అన్నాళ్ళు పడుతుందని ఆ ఏజెంటు చెప్పాడట. వాడి నోట్లో మన్ను పడ!

కోపమొచ్చిందని ఇంటికి పోవడం మానతామా? ఒక పొద్దున పిన్ని కోసం కూరగాయలు తీసుకెళ్ళాను. వంటింటి గట్టు మీద ఒలికిన పొడి మీద నీళ్ళు పడి, అది గట్టిపడి ఉంది. గోటితో లాగితే పొడుగ్గా, సాగుతూ, నల్లగా లేచొచ్చింది. ఆయన వర్ణించి వర్ణించి చెప్పిన పేలిక అదే. పిన్నిని అడిగి ఒక గాజు గ్లాసు తీసుకుని, గోరువెచ్చటి నీళ్ళలో పొడి చిక్కగా కలిపి గట్టు మీద పెట్టాను. ఎవరినీ ముట్టుకోవద్దన్నాను. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చేసరికి బాబాయి కుర్చీలో ఉన్నాడు. గ్లాసు తెచ్చి ఆయన ముందే పళ్ళెంలోకి బోర్లించాను. గ్లాసు ఆకారంలోనే, లోపలి గోడకి పట్టిన స్కేలు ఊడినట్టే, ఒక్క ముక్కగా జారి పడింది.

ఆయన దాన్ని వేలితో నొక్కి చూశాడు. వాసన చూశాడు. వెలుగులోకి తిప్పి చూశాడు. పనిలో ఎలా చూసేవాడో అలాగే.

"అయితే ఇన్నాళ్ళూ నాను మింగిందే నాకు పడతన్నాదేటి?"

నేను పొడి డబ్బా తెచ్చి పళ్ళెం పక్కన పెట్టాను.

"మరైతే ఆ ఎర్రనీళ్ళు?" అన్నాడు. ఆ మాట అన్నాక తనే తల దించుకున్నాడు. పిన్ని స్టవ్వు ఆపేసి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆయన పళ్ళెం పక్కకి నెట్టి, "మూత ఇప్పించమ్మీ. లోపల సూపించేద్దాం" అన్నాడు.

విశాఖపట్నం తీసుకెళ్ళాం. పేగులోకి కెమెరా పంపి చూసే పరీక్షకి ముందు వాళ్ళూ ఏదో ద్రావణం ఇచ్చి తాగమన్నారు, కడుపు ఖాళీ అవడానికి. అంత నీరసంలోనూ ఆయన ఊరుకోలేదు. "ఇక్కడా కడుగుడేనా డాక్టరు గారూ? మరి ఆ పొడినెందుకు తిట్టేరు?" డాక్టరు చిన్నవాడే, ఓపిగ్గా చెప్పాడు. "చూడ్డానికి దారి ఖాళీ చేస్తున్నామండీ, అంతే. కడిగితే జబ్బు పోతుందని కాదు. పేగు గోడ తన పొరని తానే మార్చుకుంటూ ఉంటుంది. అక్కడ పెచ్చు కట్టదు." పరీక్ష అయ్యాక ఫోటోలు చూపిస్తే గాని ఒప్పుకోనన్నాడు. చూపించారు. గులాబి రంగు గోడ, తడిగా, నున్నగా. ఒక్కొక్కటీ కళ్ళజోడు సర్దుకుని చూశాడు.

"సూడమ్మీ, గోడ ఎంత శుభ్రంగా ఉన్నాదో. స్కేలన్నదే లేదు." ఆఖరి ఫోటో దగ్గర ఆగాడు. అందులో గోడ లేదు. నెత్తురోడుతూ ఒక గడ్డ దారికి అడ్డంగా కూర్చుని ఉంది. "ఇదొక్కటే ఉన్నాది" అన్నాడు. కాలేయానికి కూడా పాకిందని ఆ తర్వాత తెలిసింది. రక్తం కనిపించిన కొత్తలోనే వచ్చి ఉంటే కథ వేరేగా ఉండేదేమో అన్నాడు డాక్టరు. ఏమో అన్న ఆ ఒక్క మాట పట్టుకుని పిన్ని ఆ వరండాలో ఏడ్చిన ఏడుపు నేను చచ్చేదాకా మరిచిపోను.

మందులు వాడుతూనే ఆయన ఒక పని చేశాడు. నడవగలిగిన రోజుల్లో అదే గాజు గ్లాసులో పొడి కలిపించుకుని, క్యాంటీన్ దగ్గరికి రిక్షాలో వచ్చి, బయట అరుగు మీద కూర్చునేవాడు. షిఫ్టు దిగిన ప్రతివాడినీ పిలిచి, గ్లాసు బోర్లించి చూపించేవాడు. తను పొట్లాలు కట్టి ఇచ్చినవాళ్ళని పేరుపేరునా పిలిపించాడు. ఒకడు, "మీకు పడలేదేమో గాని బాబూ, నాకు ఒళ్ళు తేలికయిందండీ" అన్నాడు. "అవుతాదిరా. ఇరేచనాలయితే ఎవుడికైనా తేలికే. నాకూ అయ్యింది, సూడు ఎంత తేలికైపోనానో" అని చొక్కా ఎత్తి డొక్కలు చూపించాడు. వాడు ఏడుస్తూ వెళ్ళిపోయాడు. ఆ వానాకాలంలోనే బాబాయి పోయాడు.

దినవారాలు అయ్యీ అవకుండానే ఆయన ఫోను మోగింది. పిన్ని తీసింది. "ఆయన పోనారు బాబూ" అంది. అవతల ఆ పొడి ఏజెంటు, అయ్యో పాపం అన్నాడట. ఆ వెంటనే, ఇంట్లో ఇంకెవరికైనా అజీర్తి ఉందా అని అడిగాడట. నేను ఫోను లాక్కుని తిట్టిన తిట్లు ఇక్కడ రాసేవి కావు. పిన్ని మాత్రం గోడకి జారబడి, "ఆ పొడే సంపేసిందేటే అమ్మీ?" అంది. "పొడి చంపలేదు పిన్నీ. వైద్యం చేయించుకోవాల్సిన రోజులన్నీ అది తినేసింది" అన్నాను. అంతకన్నా మంచిగా చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు.

ఇప్పుడు ఆ గ్యాంగుకి ఫోర్‌మన్ని నేను. ఎర్రనీళ్ళు వచ్చినప్పుడు కుర్రాళ్ళు టీకి పరిగెడతారు. నేను వెళ్ళలేను. అదొక్కటి తప్ప మిగతాదంతా ఆయన పద్ధతే. మూత విప్పందే, లైటు వేసి చూడందే సంతకం పెట్టను.

బెంచీ మీద ముసలాయన ఆ సీసా సగం తాగి మొహం చిట్లించాడు. మణికట్టు దగ్గర వాచీ వదులుగా జారుతోంది. మనకెందుకులే అనుకోవచ్చు. నేను లేచి వెళ్ళి వాళ్ళ ముందు కూర్చున్నాను. ముందూ వెనకా ఏమీ చెప్పకుండా, పక్కవాళ్ళు వింటారని కూడా చూడకుండా అడిగేశాను.

"బాబూ, మీకు రక్తం పడుతోందా?"

ఆయన తల తిప్పేసుకున్నాడు. ఆవిడ చేతిలో సీసా మూత కింద పడింది. నా మొహంలోకి చూస్తూ, బండి కూత వినిపిస్తున్నా లేవకుండా అడిగింది.

"నీకెవులు సెప్పేరమ్మీ?"

"మా నాయుడు బాబాయి" అన్నాను. బండి వచ్చింది. నేను ఎక్కలేదు.