గిర్ని కడుపు

తెల్లవారుజాము నమాజు ముగిశాక గౌసియా బేగం టీ కూడా పెట్టుకోకుండా మెట్లు దిగి, కింద మడిగె షట్టర్ సగం లేపుతుంది. ఇంట్లో వండుకోవడానికి కొన్న గోధుమల్లోంచి రెండు దోసిళ్లు తెచ్చి పిండి పట్టే గిర్నిలో పోస్తుంది. ఒక్క నిమిషం తిప్పి, ఆపి, షట్టర్ దించేస్తుంది.

రాత్రి దులిపిన గిర్ని ఉదయానికి ఖాళీగా ఉంటుంది. మొదట పోసిన గింజల పిండి రాళ్ల మధ్య, గొట్టంలో, గుడ్డసంచి మడతల్లో ఇరుక్కుపోతుంది. పావుకిలో దాకా బయటికి రాదు. దాన్ని తరుగు అంటారు. ముందుగా వచ్చినవాళ్ల ఖర్మ అనుకుని అందరూ ఊరుకుంటారు. గౌసియాకు మాత్రం అది అమానత్‌లో లోటు. అమానత్ అంటే ఒకరు నమ్మి మన చేతిలో పెట్టిన సొత్తు. అందుకే ఎవరూ రాకముందే తన గోధుమలు పోస్తుంది. రాత్రి దులిపితే రాలే పిండి ఎవరిదో తేలదు కనుక అదీ ఇంటికి పోదు, వెనక సందులో మేకలున్నవాళ్లకు ఇచ్చేస్తుంది. పద్దెనిమిదేళ్లుగా ఇంతే. పక్కింటి సక్కుబాయికి తప్ప హఫీజ్‌పేట్‌లోని మా కాలనీలో ఈ సంగతి ఎవరికీ తెలియదు. గోడ అవతల గిర్ని చప్పుడు ఆమెను రోజూ నిద్ర లేపుతుంది మరి.

పోయిన ఏడాది ఆ ఇంటికి కష్టం వచ్చింది. గౌసియా భర్త జహంగీర్ ఐటీ ఆఫీసులకు క్యాబ్ నడుపుతాడు. ఉద్యోగులు వారంలో సగం రోజులు ఇళ్లలోనే పనిచేస్తుండడంతో ట్రిప్పులు పడిపోయాయి. అప్పుడే మడిగె యజమాని కిరాయి పెంచాడు. కట్టలేకపోతే రెండు నెలల్లో ఖాళీ చేయాలి. తెల్లాపూర్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీ తమ స్టోరుకు గోధుమపిండి పట్టించడానికి గిర్ని వెతుకుతోందని తెలిసింది. ఆ ఆర్డర్ వస్తే గిర్ని నిలుస్తుంది. రాకపోతే మూతపడుతుంది.

స్టోరు బాధ్యత చూసే కామేశ్వరరావు మూడు గిర్నీలకు పదేసి కిలోల గోధుమలు పంపాడు. అన్నిచోట్లా పొద్దున్నే మొదటి వాయిగా పట్టమన్నాడు. మర్నాడు గౌసియా దగ్గరికి వచ్చాడు.

"ఏమ్మా, మిగతా రెండు చోట్లా తొమ్మిది కిలోల ఏడొందలే వచ్చింది. నీ దగ్గర తొమ్మిదీ తొమ్మిదొందల అరవై. ఏం కలిపావు?"

"ఏం కలపలే సార్."

"ముప్పై ఏళ్లు రేషను డిపోలు తనిఖీ చేశానమ్మా. తగ్గితే తిన్నారని అర్థం. తగ్గకపోతే కలిపారని అర్థం."

గౌసియా కొంగు సర్దుకుంది. "రేపు మీరే రాండ్రి సార్. మీ గోధుమలు మీరే పొయ్యండ్రి. మీరే జోకుకోండ్రి."

ఆయన వెళ్లగానే గోడ అవతలి నుంచి సక్కుబాయి అందుకుంది. "నోరు కుట్టేసుకున్నవా ఏంది? ఉన్నది చెప్తే అయిపోతుండె గద."

"ఎట్ల చెప్తనక్కా? కుడిచెయ్యి ఇచ్చింది ఎడమచెయ్యికి గూడ తెల్వొద్దంటరు మా దాంట్ల. చెప్పి ఆర్డర్ దీస్కుంటే, గా గోధుమలు నేను అమ్ముకున్నట్టే గద."

"మరి కిరాయి ఎవరు గడ్తరు, నీ ఎడమచెయ్యి గడ్తదా?"

గౌసియా నవ్వింది. "జహంగీర్ గూడ గిదే అంటుండు. పొద్దుగాల సంది నాతోని మాట్లాడతలేడు."

మర్నాడు ఏడింటికి కామేశ్వరరావు వచ్చేసరికి నేను జొన్నల సంచితో మడిగె ముందున్నాను. ఆయన గోధుమలు పోయలేదు. ముందు గిర్ని విప్పమన్నాడు. తనిఖీ చేసిన చేతులు కదా, గొట్టంలోకి వేలు పోనిచ్చి తీశాడు. వేలికి తెల్లగా పిండి అంటింది.

"నిన్నటిదా?"

"లేదు సార్, రాత్రే దులిపిన."

"మరి ఎవరిదిది?"

గౌసియా అబద్ధం ఆడలేదు, నిజం చెప్పుకోలేదు. నేల చూస్తూ అంది, "మా ఇంటిదే సార్. గిర్ని కడుపు ఖాళీగ ఉంటే ఫస్టొచ్చినోళ్లది తింటది."

ఆయన ఆ వేలినే చూస్తూ ఉండిపోయాడు. తూకంలో జరిగే మోసాలన్నీ ఆయనకు తెలుసు. అందుకే కాబోలు, ఇదేమిటో మా అందరికంటే ముందు ఆయనకే అర్థమైంది. "రోజూనా?" అన్నాడు నెమ్మదిగా.

"పద్దెనిమిదేండ్లు," గోడ పక్క నుంచి సక్కుబాయి అంది. "నేను చెప్పిన అనకుండ్రి."

నేను సంచి దించుకోవడం కూడా మరిచిపోయాను. ఎన్నోసార్లు ఆ మడిగెకు మొదట వచ్చింది మేమే. మా ఇంటి రొట్టెల్లో ఎన్నింటిలో ఆమె గింజలున్నాయో ఎవరు చెప్పగలరు? ఏడాదికి క్వింటాలు దాకా గోధుమలు. కిరాయి డబ్బుకు వెతుక్కుంటున్న రోజుల్లో కూడా ఒక్క పూట మానలేదు. దీన్ని ఆమె దానం అనుకోలేదు, శుభ్రత అనుకుందేమో.

కామేశ్వరరావు వెంట తెచ్చిన గోధుమలు తూచనే లేదు. రుమాలుతో వేలు తుడుచుకుని, జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. అంతవరకూ 'నువ్వు' అన్న మనిషి, "సోమవారం బస్తాలు పంపిస్తానండి, మీకు వీలవుతుందా?" అన్నాడు.

"వీలైతది సార్. కానీ ఎవరికి చెప్పకుండ్రి."

ఆయన తలూపాడు. ఆ సాయంత్రం జహంగీర్ మాట్లాడాడట. మొదటి మాట, "చాయ్ ఉందా?" అని.

గిర్ని అదే మడిగెలో ఉంది. సోమ, గురువారాల్లో తెల్లాపూర్‌కు నూటయాభై కిలోల పిండి వెళుతుంది. గౌసియా పెద్దమ్మాయి బాచుపల్లిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది.