దొర తిట్టు, నా మెత్తటి తెలుగు

యుద్ధం రోజుల్లో నేను బెజవాడ కాలవల ఆఫీసులో గుమాస్తాని. ఇంజనీరు దొర తనిఖీకి వెళితే ఆయన మాటలు తెలుగులో చెప్పడం కూడా నా నెత్తినే పడేది. ఆయన తిట్లు డిక్షనరీలో దొరికేవి కావు. నాలుగేళ్లు విని విని అర్థం చేసుకున్నాను.

ఆ మధ్యాహ్నం మూడు లాకులు తిరిగేసరికే నా కాళ్లు పీకుతున్నాయి. నాలుగో లాకు తలుపు సరిగా మూయక నీళ్లు పోతున్నాయి. దొర, లాకు తలుపులు తీసి మూసే ముసలి లస్కరు సూరయ్య మీద విరుచుకుపడ్డాడు. తోలు ఒలిచి తలుపుకి మేకులు కొడతానన్నాడు. వాళ్ల భాషలో అది గట్టి చీవాట్లే, అంతకు మించి ఏమీ లేదు. అయినా దాన్ని తెలుగులో చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"ఇకనుంచి కాస్త జాగ్రత్తగా చూసుకోమంటున్నారు, సూరయ్యా."

సూరయ్య గట్టు మీద కూలబడ్డాడు. "ఉద్యోగం తీసేశారా బాబూ? అన్ని కేకలేసి ఇంత మెత్తటి మాటన్నారంటే ఇంక మనతో పనిలేదనేగా. మా అన్నని తీసేసినప్పుడూ ఇట్టాగే చెప్పారు."

"కాదయ్యా. నీ తోలు ఒలిచి తలుపుకి కొడతారంట."

సూరయ్య కళ్లు తుడుచుకుని లేచాడు. "ఆ మాట ముందే చెప్పొచ్చుగా," అంటూ తలుపు బిగించడానికి వెళ్లాడు.

తిరుగుదారిలో దొర నాతో ఎన్నడూ లేనంత మర్యాదగా మాట్లాడాడు. ఇల్లు చేరేదాకా ఒక్క తిట్టైనా తిడతాడేమోనని ఎదురుచూస్తూనే ఉన్నాను.