మిషిని మీద నడిచిన బాద్షా

జనగామ స్టేషన్ రోడ్డుల కిరాణం వీరేశం ఇల్లు ఎవరినడిగినా చూపిస్తరు. కింద దుకాణం, మీద ఇల్లు. ఆ ఇంటి ఇల్లాలు సరోజన. మొదటి నుంచి మాట తక్కువ మనిషి. ఒక్కగానొక్క కొడుకు నవీన్ పోయినంక ఆ ఉన్న నాలుగు మాటలు గూడ కుక్కతోనే మాట్లాడేది.

కుక్క పేరు బాద్షా. సరోజన తమ్ముడు సదానందం భూపాలపల్లి బొగ్గుబాయిల పని చేస్తడు. అక్కడ్నుంచి పిడికెడంత పిల్లను చద్దరు ముక్కల చుట్టి తెచ్చి, మేనల్లుని ఒడిల పెట్టిండు. కోమటోల్ల ఇంట్ల కుక్క ఏందని సరోజన అత్త కనకమ్మ నెత్తి కొట్టుకున్నది.

"దేవునర్ర ముంగట గది తిరిగిందంటే నేను కాశికి పోత."

"టికెట్టు నేను కొనిస్త నాయినమ్మా" అన్నడు నవీన్.

ముసలమ్మ కాశికి పోనేలేదు. కుక్క పెరిగి పెద్దదైంది. కనకమ్మ మడిబట్ట కట్టుకొని వస్తుంటే అదే లేచి పక్కకు జరుగుడు నేర్చుకున్నది. "మనుషులకన్నా నయమే" అని ఆమె గూడ ఒప్పుకున్నది, గని దాని ముంగట ఎప్పుడూ అనలె.

ఇగ నడిచే మిషిని ముచ్చట. వీరేశంకు షుగర్ వస్తే డాక్టరు రోజూ నడువుమన్నడు. దుకాణం విడిచి నడుస్తే గిరాకి పోతదని ఆయన హైదరాబాదు నుంచి ట్రెడ్‌మిల్లు తెప్పించిండు. కొత్తల కొన్ని దినాలు బనీను మీద గసపోసుకుంట నడిచిండు. తర్వాత దాని మీద తువ్వాలలు, లుంగీలు ఆరేసుడే.

"గింత ఖరీదైన దండెం జనగామల ఇంకెవరింట్ల లేదు బాపూ" అని నవీన్ నవ్వుతుండె.

ఆ నవ్వు పోయిన ఎండకాలం ఆగిపోయింది. తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న దినాలు. మానుకోటల మీటింగుందని పొద్దున బండి మీద పోయిండు. మలిసి వస్తుంటే పాలకుర్తి దాటినంక లారీ గుద్దింది. చౌరస్తాల దీక్ష టెంటు వేసుకొని కూసున్న దోస్తులు వాని ఫొటో పెద్దగ చేయించి, దండ వేసి, కింద 'అమరుడు' అని రాయించిండ్రు. సరోజనకు ఆ మాట గొంతు దిగలె.

"వాడు ఇంటికొస్తున్నోడు" అన్నది మొగనితోటి. "అన్నం పెట్టి ఉంచు అమ్మా అని ఫోను చేసిండు. ఇంటికొస్తున్నోనికి ఆ పేరెందుకు?"

వీరేశం గల్లాపెట్టె తెరిచి, లెక్కపెట్టిన చిల్లరనే మళ్ల లెక్కపెట్టిండు.

బాద్షా తిండి మానేసింది. మెట్ల మీది గడప కాడ మూతి నేలకానిచ్చి పడుకునేది. ఎన్ని దినాలు అట్ల పడుకున్నదో, లేస్తుంటే వెనుక కాళ్లు వణుకుడు మొదలైంది. పశువుల డాక్టరుకు చూపిస్తే, నడుమును చేత్తోటి వత్తి చూసి చెప్పిండు.

"దీన్ని పండనియ్యకుండ్రమ్మా. రోజూ నడిపియ్యాలె. నడువకుంటే వెనుక కాళ్లు పడిపోతయి. పడిపోయినంక నేను గాదు, ఎవ్వరేం చెయ్యలేరు."

సరోజన తాడు కట్టి బయటికి తీస్కపోయింది. అది ఆమెను ఈడ్చుకుంట తిన్నగ చౌరస్తాకే పోయింది. టెంటుల దూరి నవీన్ ఫొటో కింద పండుకున్నది. కూసున్నోల్లు లేచి నిలబడ్డరు. ఎవడో దాని మెడల కండువా వేసిండు, ఇంకెవడో ఫొటో కొట్టిండు. తెల్లారి పేపర్ల పడ్డది: 'యజమాని కోసం కుక్క దీక్ష.' ఆ పేపరును సరోజన నాలుగు మడతలు పెట్టి పొయ్యిల పెట్టింది.

వారంలనే ఆమెర్ వచ్చిండు. నవీన్‌తోటి చిన్నప్పటి నుంచి కలిసి తిరిగినోడు, కరెంటు సామాన్ల దుకాణం బాబామియా కొడుకు. చెప్పులు మెట్ల కాడ్నే విడిచి నిలబడ్డడు.

"అమ్మా, రేపు పెద్ద ర్యాలీ ఉన్నది. బాద్షాను జర పంపుతరా? ముంగట నడిపిస్తం. జనం చూసి కండ్లనీళ్లు పెట్టుకుంటరు."

"జనం కండ్లనీళ్లు నాకెందుకు బిడ్డా? నావి నాకు సరిపోయినయి."

ఆమెర్ తల వంచుకొని దిగిపోయిండు. ఆనాటి నుంచి సరోజన బాద్షాను గడప దాటనియ్యలె. అట్లని దాని కాళ్లు పోనిచ్చుకుంటదా? సరోజన మిషిని మీది లుంగీలన్నీ తీసేసింది.

మిషిని మీదికి ఎక్కిస్తే, పట్టా కదలంగనే బాద్షా బెదిరి మంచం కిందికి పోయేది. బిస్కెట్టు చూపించింది, రాలె. పాలు పెట్టింది, రాలె. అప్పుడు ఆమె బీరువా తెరిచింది.

వాడు పోయిన పదోనాడు నవీన్ బట్టలన్నీ ఆనవాయితీ ప్రకారం చాకలామెకు ఇచ్చేసిండ్రు. ఒక్క అంగీని మాత్రం సరోజన దాచింది. నీలి గళ్ల అంగీ. వాడు మానుకోటకు పోయే ముందు విడిచి తలుపుకు తగిలేసిపోయినది. చెమట, వాడు కొట్టుకునే పౌడరు, బండి నూనె, అన్నీ కలిసిన వాసన. ఇంట్ల ఎవరూ లేనప్పుడు ప్లాస్టిక్ కవరు ముడి విప్పి, ఒక్కసారి మొకం ఆనిచ్చి, గాలి పోకముందే మళ్ల ముడివేసేది. పిసినారి బెల్లం ముక్కను చప్పరించినట్టు, కొంచెం కొంచెం.

ఆ అంగీని తెచ్చి మిషిని పిడికి తగిలేసింది. బాద్షా మంచం కింది నుంచి తల బయటపెట్టింది. ముక్కు ఎగరేసింది. వచ్చింది. పట్టా మీదికి ఎక్కింది. సరోజన మెల్లగ మీట తిప్పితే, కింద పట్టా కదులుతున్నా బెదరక, అంగీ దిక్కు మూతి సాపి నడువబట్టింది.

"నడువు బిడ్డా, నడువు. మంచిగ నడుస్తున్నవు" అనుకుంట సరోజన పక్కన నిలబడ్డది. అట్ల చూసి చూసి ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఎంత నడిచినా ఆ అంగీ అంతే దూరంల ఉన్నది మరి. తనది గూడ గదే నడక గదా అనిపించింది. అయినా మీట ఆపలె. కుక్క కాళ్లు వణుకుత లేవు.

రోజూ గది తలుపు దగ్గరేసి అట్లనే నడిపించింది. అయిపోంగనే అంగీ కవర్లకు, కవరు బీరువాలకు. బాద్షా తినబట్టింది. లేచేటప్పుడు తడబాటు తగ్గింది.

అంతల సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగినయి, బడులు ఆగినయి, భూపాలపల్లి బాయిలల్ల బొగ్గు ఆగింది. కరెంటు ఎప్పుడు వస్తదో, ఎప్పుడు పోతదో తెల్వదు. సరోజన చెవి ఎప్పుడూ ఫ్యాను మీదనే. అది తిరిగిందంటే అన్నం పొయ్యి మీదున్నా సరే, కుక్కను మిషిని ఎక్కించేది.

"నా దేవునికి లైటు లేదు, దానికి మిషిని" అని కనకమ్మ గొణిగేది.

తమ్మునికి ఫోను చేసింది. "ఏంరా సదానందం, మీ సమ్మెతోని నా కుక్క నడక ఆగుతున్నది."

"మేం బొగ్గు తియ్యకుంటే మీకు కరెంటు ఎట్లొస్తదక్కా? జర ఓర్సుకో. రాష్ట్రం వచ్చినంక నీ బాద్షా పొద్దుందాక నడువొచ్చు."

"రాష్ట్రం వచ్చేదాక దాని కాళ్లు ఆగుతయారా?"

అవతల సదానందం నవ్వబోయి ఆగిపోయిండు.

సమ్మె నడుస్తుండంగనే పెత్రమాస వచ్చింది. పోయిన పెద్దలకు వాళ్ల పేరు మీద బియ్యం, కూరగాయలు ఇచ్చి, ఇష్టమైనవి వండి, బట్టలు పెట్టి మొక్కే అమాస. ఆనాడే బతుకమ్మ మొదలు. వాడకట్టు ఆడోల్లు తంగేడు పువ్వు తెంపుకొస్తున్నరు. ఈ ఇంట్ల ఈ యేడు బతుకమ్మ లేదు. పొద్దున కరెంటు వచ్చిందని తెలిసి సరోజన పిండి పట్టించుటానికి గిర్నీకి పోయింది. అక్కడ డబ్బాల వరుస బజారు దాక ఉన్నది. తన వంతు వచ్చేసరికి ఎండ నెత్తి మీదికొచ్చింది.

ఇంటికొచ్చి పిండి డబ్బ దించుకుంట చూసింది. మిద్దె మీది తీగకు నీలి గళ్ల అంగీ. నీళ్లు కారుతున్నది.

కనకమ్మ తడి చేతులు చీరె కొంగుకు తుడుచుకుంట ఎదురొచ్చింది. ఆమె మొకంల చాన్నాళ్లకు కొంచెం వెలుగున్నది.

"యాడాది కాకముందు పెట్టొద్దంటరు గని, నా పానం ఆగలేదే. చిన్నపోరనికి పెట్టకుండ ఎట్ల తింటం? మడిబట్ట కోసం బీరువా తెరిస్తే కవర్ల అంగీ కనబడ్డది. పెద్దలకు పెట్టెటందుకే దాచిపెట్టినవనుకున్న. మాసిన బట్ట పెట్టొద్దు గదా. సబ్బు పెట్టి మూడు నీళ్లల్ల జాడిచ్చిన. నీలిమందు గూడ వేసిన. చూడు, కొత్తదాని లెక్కనే అయింది."

సరోజన తీగ కాడికి పోయి అంగీని రెండు చేతులతోటి పట్టుకొని మొకం ఆనిచ్చింది. సబ్బు వాసన. మళ్ల ఆనిచ్చింది, చంకల కాడ, మెడపట్టి కాడ. సబ్బు. నీలిమందు.

"ఏమైందే? సరోజనా, ఏమైంది?"

ఆమె ఆ తడి అంగీనే తెచ్చి బాద్షా ముంగట పెట్టింది. అది లేచింది, తోక ఒక్కసారి ఊపింది. మూతి ఆనిచ్చి వాసన చూసింది. ఇంకో దిక్కు చూసింది. తర్వాత మెల్లగ మలిసి పోయి గోడ పక్కన పండుకున్నది, ఎవరిదో బట్టను చూసినట్టు.

కనకమ్మ కండ్లు కోడలి మొకం మీదికి, కుక్క మీదికి, అంగీ మీదికి తిరిగినయి. ముసలమ్మకు అర్థమైంది. గోడ పట్టుకొని కిందికి కూలబడ్డది.

"అయ్యో... నా చేతులతోటి నేనే కడిగిన్నా వాన్ని?"

సరోజన పోయి అత్త పక్కన కూసున్నది. తిట్టుదామనుకున్నది. తిట్టు నోటిదాక వచ్చింది గూడ. కనకమ్మ చేతులు చూసింది. మూడు నీళ్లల్ల నాని, చర్మం ముడుతలు వడి తెల్లగైనయి. ఆ చేతులే వానికి చిన్నప్పుడు నలుగు పెట్టి తానం పోసినయి.

"నువ్వు వానికి మంచిగ పెడ్దామనే చేసినవు అత్తమ్మా" అన్నది. అట్ల అన్నదే గని, వానిది ఇంట్ల ఇగ ఏం మిగలలేదని లోపల తెలుస్తనే ఉన్నది. ఇద్దరూ ఏడిసిండ్రు. పొయ్యి మీద వంకాయ కూర మాడింది.

తర్వాత బాద్షా మిషిని ఎక్కలె. కరెంటు వచ్చినా ఎక్కలె. సరోజన ఎత్తి నిలబెడితే పట్టాతోటి ఎనుకకు పోయి కింద పడ్డది. వెనుక కాళ్లు మళ్ల వణుకబట్టినయి. ఒకనాడు గిన్నె కాడికి పోవుటానికి నడుము ఈడ్చుకుంట పోయింది. అది చూసి సరోజన తాడు తీసింది.

"ఏడికే?" అన్నది కనకమ్మ.

"నడిపిచ్చుకొస్త."

"ఆ టెంటు దిక్కే పోతదది."

"పోనియ్ అత్తమ్మా. కాళ్లుంటే పోతది."

మెట్లు దిగుటానికే చాలాసేపు పట్టింది. రోడ్డు మీద రెండు అడుగులు వేసుడు, ఆగుడు. ఈసారి కుక్క ఈడ్వలె. ఈడ్చే సత్తువ దానికి లేదు. మూసిన షట్టర్ల ముంగట నుంచి, ఆగిన ఆటోల పక్క నుంచి ఇద్దరూ చౌరస్తాకు చేరిండ్రు.

టెంటుల మైకు ఆగింది. ఒక పిల్లగాడు కండువా తీస్కొని లేచిండు. ఆమెర్ వాని రెట్ట పట్టి కూసోబెట్టిండు. బాద్షా పోయి నవీన్ ఫొటో కింద వాసన చూసింది. జంపఖానా అంచు చూసింది, కట్టెగుంజ చూసింది. వానాకాలం వానలు అన్నీ కడిగేసినయి. దానికేం దొరుకలె. కాళ్లు ఆగక ఉన్న చోటనే పండుకున్నది.

సరోజన జంపఖానా మీద దాని పక్కన కూసున్నది. ఫొటో దిక్కు మొదటిసారి తలెత్తి చూసింది. కింద రాసిన మాటను చదివింది, విడిచిపెట్టింది.

"వాడు ఏడ కూసుంటుండె ఆమెర్?"

"గా మూలకమ్మా. కూసునుడు ఏడిది, పండుకునుడే. 'మా అమ్మ పల్లిపొడి దంచింది' అనుకుంట డబ్బ తెస్తుండె, మా చేతికి రాకముందే సగం తింటుండె."

"పల్లిపొడా? నేనేడ దంచిన? దుకాణంల మాయమవుతున్నదని మీ వీరేశం కాక గుమాస్తాను తిడుతుండె."

ఎవరో నవ్విండ్రు. సరోజన పెదవి గూడ కదిలింది, కదిలి వణికింది. చీరె కొంగు నోట్ల కుక్కుకున్నది.

"అమ్మా, ఆటోల దించుతం. నడువలేదది" అన్నడు ఆమెర్ కొంచెంసేపైనంక.

"వద్దు బిడ్డా. నడువాలె అది. రేపు గూడ తీస్కొస్త." బాద్షా వీపు మీద చెయ్యి వేసింది. చెయ్యి కింద దాని ఊపిరి ఎగుస్తున్నది, దిగుతున్నది. "జర అలుపు తీరనీ."

పొద్దు స్టేషన్ వెనుకకు వాలింది. టెంటుల జనం ఒక్కొక్కరే లేచి పోయిండ్రు. ఆమెర్ పోలె. కుక్క లేచేదాక సరోజన గూడ లేవలె.