పంక్చర్ దుకాణంలో ఉన్న సైకిల్

కొత్తగూడ ఫ్లైఓవర్ కింద ఎవరి బండికో పంక్చర్ వేస్తుంటే, ట్యూబుకు పూసే ఆ జిగురు వాసన తగిలిందంటే చాలు, మెడలో ఆఫీసు కార్డుతో సహా నేను ఎనిమిదో తరగతిలోకి వెళ్లి పడతాను.

అప్పుడు మియాపూర్‌లో ఉండేవాళ్లం. ఎండాకాలం వస్తే బాల్కనీల నిండా చల్ల మిరపకాయల ఘాటు, సెల్లార్‌లో మా క్రికెట్, కారు అద్దానికి బంతి తగలగానే అందరం ఒక్కసారిగా చదువుకునే పిల్లలమైపోవడం. మూడో అంతస్తులో సూడాన్ నుంచి చదువుకోవడానికొచ్చిన యూసుఫ్ అన్న కిరాయికి ఉండేవాడు. ఊడిన నా సైకిల్ చైను ఎన్నిసార్లు ఎక్కించి పెట్టాడో. ఆయన లిఫ్ట్ దగ్గర కనబడితే మాత్రం మా పెద్దవాళ్లకు మెట్లెక్కడం ఆరోగ్యమని గుర్తొచ్చేది.

ఆ ఏడు ఇంగ్లిష్ టీచరు ఒక నవల చదివించారు. అమెరికాలో చిన్న పట్నం, చేయని నేరానికి ఒక నల్లజాతి మనిషిని ఊరంతా కలిసి దోషిని చేస్తుంది. వార్షికోత్సవానికి అందులోని కోర్టు సీను వేశాం. ఆయన తరఫు వకీలు వేషం నాది. మా మామ కోటు నాకు మోకాళ్ల దాకా వచ్చింది.

దానికి వారం ముందు, ఇంట్లో వద్దన్న మెయిన్ రోడ్డు మీదికి సైకిల్ తొక్కుకెళ్లి, పంక్చరైతే బస్ డిపో దగ్గరి దుకాణంలో వదిలి నడిచొచ్చాను. నాయిన అడిగితే భయపడి, సెల్లార్‌లోనే పెట్టానన్నాను. అక్కడ లేకపోయేసరికి నాయిన రెండు నిమిషాల్లో దొంగను పట్టేశాడు.

"ఇంకెవడు తీస్తడు, ఆ మూడో ఫ్లోరోడే. మొన్న సైకిల్ కాడ కూసునుండె, నేను సూసిన."

కూర్చున్న మాట నిజమే. చైను ఎక్కిస్తున్నాడు.

ఆదివారం సెల్లార్‌లో అపార్ట్‌మెంట్ వాళ్ల మీటింగు, చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. అందరికీ కుర్చీలున్నాయి, యూసుఫ్ అన్నకు తప్ప. సెక్రటరీ అంకుల్ మర్యాదకు లోటు రానివ్వలేదు: "మిమ్మల్ని ఏమీ అనట్లేదండీ, ఫ్యామిలీలు ఉండే చోటు కదండీ."

యూసుఫ్ అన్న వచ్చీరాని తెలుగులో నన్ను అడిగాడు. "తమ్ముడూ, నువ్వు చెప్పు. నేను తీసినానా?"

కోర్టు వాదన మూడు పేజీలు నాకు కంఠతా వచ్చు. అక్కడ కావలసింది ఒక్క మాట. నేను బిస్కెట్‌ను చాయ్‌లో ముంచాను. అది విరిగి అడుగుకు పోయింది.

బుధవారం ఆయన ఖాళీ చేశాడు. గురువారం స్టేజీ మీద నా వాదన విని నాయిన కళ్లు తుడుచుకున్నాడు. నాకు బహుమతిగా కప్పు వచ్చింది. శుక్రవారం సైకిల్ తెచ్చి, ఇన్నాళ్లూ ఎక్కడుందో చెప్పేశాను. నాయిన వంగి టైరు నొక్కి చూశాడు.

"ఇగ పోయిండు గదరా. ఊకో."

ఇప్పుడు ఆ దుకాణం ఉన్నచోట మెట్రో పిల్లరుంది. సెల్లార్ నిండా కార్లే, క్రికెట్ లేదు. సైకిల్ చైను మళ్లీ ఊడితే ఎక్కించడం రాక తొక్కడమే మానేశాను. కప్పు మాత్రం షోకేసులో ఉంది, పండగ పండక్కీ అమ్మ దాన్ని తోమి పెడుతుంది. ఎవరైనా ఎత్తుకుపోతే బాగుండు అనిపించే వస్తువు మా ఇంట్లో అదొక్కటే.