బాబాయి ఏరిన శత్రువులు

మా బాబాయికి శత్రువులంటే ప్రాణం. లోకమంతా మంచి స్నేహితుల కోసం వెతుక్కుంటుంటే, ఆయన మంచి శత్రువుల కోసం వెతుక్కునేవాడు.

వారమంతా కొట్లో తాళంచెవులు అరగదీసే మనిషి. ఆదివారం వస్తే మాత్రం భోజనాల బల్ల మీద అడవులూ వంతెనలూ గీసిన పటం పరిచి, మాకు తలొక వీరుడి వేషమిచ్చి, పాచికలతో యుద్ధాలు చేయించేవాడు. వీరులం మేము. ఎదురొచ్చే దొంగలూ దెయ్యాలూ రాక్షసులూ అందరూ ఆయనే.

"ఒకే రకం వాళ్ళు వరసగా వచ్చి తన్నులు తింటే అది యుద్ధం కాదురా, టికెట్ల క్యూ" అనేవాడు. ఒకడు దారికి అడ్డం పడితే, ఇంకొకడు దూరం నుంచి బాణాలు వెయ్యాలి, మరొకడు కాళ్ళ సందున దూరాలి. ఆ ధ్యాసలో తాళంచెవులకు లేనిపోని పళ్ళు కోసేసేవాడు. అవి ఏ తాళానికీ పట్టక జనం తిరిగొచ్చేవాళ్ళు.

"పెళ్ళిచూపుల్లో కూడా ఇంత ఆలోచించలేదు ఈ మనిషి" అనేది పిన్ని.

"ఆలోచించనిచ్చాడా మీ నాన్న?"

మా అక్క మొగుడు, బావ, బస్సు డ్రైవరు. ఆటలో డాలు పట్టుకుని అందరికంటే ముందు నడిచేవాడు. అక్కది మాటకారి వేషం. బెదిరించో బుజ్జగించో పని చక్కబెట్టుకొచ్చేది. వానాకాలంలో ఒక తెల్లవారుజామున డ్యూటీకి వెళ్ళిన బావ, బస్టాండులోనే గుండె ఆగి పోయాడు. నిద్రపోతోంది కదా, లేపడమెందుకని అక్కకు చెప్పకుండా వెళ్ళాడు.

అక్క ఏడవలేదు. మాట్లాడటం మానేసింది. అడిగితే 'ఊ', లేకపోతే అదీ లేదు. ఆ మౌనం చూడలేక మేమే చాటుకు పోయి ఏడ్చేవాళ్ళం. పిన్ని చెయ్యి పట్టుకుని లాక్కొస్తే ఆదివారం వచ్చి బల్ల దగ్గర కూర్చునేది, అంతే.

సరిగ్గా అప్పుడే బాబాయికి మతి చెడిందనుకున్నాం. వచ్చే ప్రతివాడూ కత్తికి తెగనివాడే. ఒకసారి పొగమంచు. ఒకసారి అలిగి బండరాయైపోయిన ఎలుగుబంటి.

"బాబాయ్, నా కత్తికి తుప్పు పడుతోంది" అన్నాను.

"కత్తితో అయ్యే పని కాదురా. ఎవరైనా మాట్లాడి చూడండి" అంటూ అక్క వైపు చూసేవాడు. అక్క చూపు పటం మీదే ఉండేది. మేం చిత్తుగా ఓడి ఇళ్ళకు పోయేవాళ్ళం.

ఒక ఆదివారం వంతెన మీద రాక్షసుడు అడ్డంగా కూర్చున్నాడు. బాణం తగలదు, కత్తి దిగదు. బాబాయి గొంతు బొంగురు చేసుకుని, "ఇంట్లో చెప్పకుండా వచ్చేశాను. ఇప్పుడు వెళ్ళడానికి మొహం చెల్లడం లేదు" అన్నాడు.

అక్క తలెత్తింది.

"చెప్పకుండా ఎలా వస్తావురా?"

నేను చేతిలోని పాచికలు బల్ల మీద పెట్టేశాను.

"నిద్ర లేపితే నీ సొమ్మేం పోయింది? ఒక్క మాట చెప్తే అరిగిపోతావా? లేచి చూస్తే పక్కన లేకపోతే ఆ మనిషి ఏమైపోవాలి?"

ఇన్నాళ్ళకు అక్క భోరుమంది. పిన్ని దగ్గరికి తీసుకుంది. బాబాయి కళ్ళు తుడుచుకున్నాడు గాని, రాక్షసుడి గొంతు మాత్రం వదల్లేదు.

"ఇంకా తిట్టమ్మా, సగం ప్రాణం మిగిలే ఉంది."

అక్క ఏడుస్తూనే తిట్టింది. తిట్టి తిట్టి రాక్షసుణ్ణి వంతెన మీంచి దొర్లించింది. ఇన్ని వారాలూ బాబాయి వెతికింది మాతో పోట్లాడేవాణ్ణి కాదనీ, అక్క చేత నోరు తెరిపించేవాణ్ణనీ అప్పటికి గాని నా మట్టిబుర్రకు ఎక్కలేదు.

వెళ్తూ వెళ్తూ అక్క గుమ్మంలో ఆగింది.

"వచ్చే వారం ఎవరొస్తున్నారు బాబాయ్?"

"ఇంకా అనుకోలేదు తల్లీ."

"ఎవరైనా సరే, ఇంట్లో చెప్పి రమ్మను."