ఆదాముకు ముందటి మనుషులు

దేవదాసు మలేషియాలోని క్లాంగ్‌లో ఒక గ్లవ్స్ ఫ్యాక్టరీలో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. మా తెలుగు సంఘంలో అతని పక్కన కూర్చోవడమంటే నాకు తలనొప్పే. ప్రార్థన అయ్యీ అవగానే మొదలుపెట్టేవాడు.

"తమ్ముణ్ణి సంపినాక ఆదాము కొడుకు కయీను, నన్ను సూసినోడల్లా సంపేస్తాడని బయపడినాడు గదా. ఎవులకి బయపడినాడు? ఇంకెవులున్నారప్పుడు?"

ఆదాముకు ముందే దేవుడు వేరే మనుషుల్ని చేశాడనీ, వాళ్ళ సంతానానికి, పుట్టుకతోనే అందరికీ వస్తుందనే ఆదాము పాపం అంటలేదనీ అతని నమ్మకం. మా టీ చల్లారిపోయేది గానీ అతను ఆగేవాడు కాదు.

ఆ పట్టుదలంతా తల్లి మరిడమ్మ కోసమే. తండ్రి బటాంగ్ బెర్జుంటై రబ్బరు ఎస్టేటులో పనిచేస్తూ క్రైస్తవుడయ్యాడు. పోయాక అక్కడి చర్చి సమాధుల తోటలోనే పెట్టారు. ఆమె మాత్రం మతం మారలేదు, బొట్టు తీయలేదు. బాప్తిస్మం లేనివాళ్ళకు నరకమేనని వింటూ పెరిగిన కొడుకు, తల్లిని అక్కడికి పంపలేక ఈ దారి వెతుక్కున్నాడు.

ఈ ఏడాది మరిడమ్మ మంచం పట్టింది. పెనిమిటి పక్కనే తననూ పెట్టాలన్నది ఆమె ఆఖరి కోరిక. బాప్తిస్మం ఉంటేనే అక్కడ చోటు. దానికీ ఒప్పుకుంది. పాస్టరు గిన్నెలో నీళ్ళు పట్టుకొచ్చాడు.

"మరి మాయమ్మా, మాయయ్యా ఏటవుతారు బాబూ?" అని అడిగింది.

పాస్టరు తల దించుకున్నాడు. "నమ్మకుండా పోయినోళ్ళ సంగతి నేను చెప్పలేనమ్మా" అన్నాడు. ముసలామె వెక్కి వెక్కి ఏడ్చింది.

అప్పుడు నోరు మూసుకుని ఉంటే ఎంత బాగుండేది! దేవదాసు మంచం పక్కన చతికిలబడి, "బయపడకమ్మా. మనోళ్ళు ఆదాముకి ముందటోళ్ళు. ఆ పాపం మనకి లేదు. తాతా, అవ్వా సుకంగానే ఉన్నారు" అన్నాడు.

మరిడమ్మ ముఖం వికసించింది. "అయితే నాకీ నీళ్ళెందుకురా?" అంది. ఎవరెంత బతిమాలినా ఇక వినలేదు. మర్నాటికి పోయింది.

చర్చి పెద్దలు చోటివ్వలేదు. దహనవాటికకు తీసుకెళ్ళి, బూడిద సముద్రంలో కలిపి వచ్చాం.

ఇంటికొచ్చాక దేవదాసు, "ఇక్కడ సోటివ్వకపోతే ఏటి? పైన ఇద్దరూ కలుసుకుంటారు" అన్నాడు.

భార్య థెరిసా అతని వంకే చూస్తూ, "ఎలాగ కలుస్తారు? ఆదాము పాపం నాదేనని ఒప్పుకుని నీళ్ళు పోయించుకున్నాడు మామయ్య. నాది కాదని పోయింది అత్త. ఆళ్ళు వేరు, ఈళ్ళు వేరని మీరే గదా సెప్పినారు?" అంది.

దహనవాటికలో రాని ఏడుపు దేవదాసుకు అప్పుడొచ్చింది. ఆదాముకు ముందు ఆ మనుషులు ఉన్నారంటే తల్లి తండ్రికి దూరం. లేరంటే తల్లి నరకానికి. ఏది నమ్మమని చెప్పాలో మాకెవరికీ తెలియలేదు.