కర్రబాట మీద పాత డ్రైవరు

బతికున్నన్నాళ్లూ ఆ ఆదివారం సంగతి ఎవరు ఎత్తినా డ్రైవరు నవ్వేసేవాడు. కండక్టరు మాత్రం ఇప్పటికీ నవ్వలేడు.

ఇద్దరూ ఇరవై ఆరేళ్లు ఒకే బస్సు మీద పనిచేశారు. ఒకడు ముందు, ఒకడు వెనక. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఇన్నేళ్లు కాపురం చేసింది తామిద్దరే అని కండక్టరు హాస్యమాడేవాడు. ఉద్యోగాలయ్యాక షుగరు వ్యాధి డ్రైవరు ఎడమ కాలిని మోకాలి కిందివరకూ తినేసింది. కాలు తీసిన ఎనిమిది నెలల్లో ఆసుపత్రికి తప్ప అతను గడప దాటలేదు. పుండు ఇంకా మానుతూనే ఉంది. దానికి దెబ్బ తగిలితే ఈసారి మోకాలి పైదాకా తీయాల్సి వస్తుందని డాక్టరు అతని కూతురిని పక్కకు పిలిచి చెప్పాడు. తండ్రికి తెలియదని ఆమె అనుకుంటూ, తెలిసినట్టు పైకి కనపడనివ్వకుండా ఆయన, రోజులు నెట్టుకొస్తున్నారు.

ఊరి చివరి అడవి పార్కులో చక్రాల కుర్చీల కోసం చెక్కలు పరిచి చిన్న కర్రబాట వేశారని విని, కండక్టరు నెల రోజులు ఆ అమ్మాయి వెంటపడ్డాడు. చివరికి ఆమె తలూపింది. ఇద్దర్నీ గేటు దగ్గర దింపింది.

"మా మందుల షాపు తెరిచి, కట్టుగుడ్డ తీసుకుని గంటలో వస్తాను బాబాయ్. కుర్చీ మీంచి చెయ్యి తియ్యకు. అంతే."

బాట నున్నగా ఉంది. రెండు పక్కలా బెత్తెడు ఎత్తున చెక్క అంచు. చెట్లు ఎంత దగ్గరగా ఉన్నాయంటే కొమ్మలు భుజానికి తగులుతున్నాయి. తోయడం బాగాలేదని, బండి గుంజుతోందని, గేరు మార్చమని డ్రైవరు సణుగుతూనే ఉన్నాడు. చాలా నెలల తర్వాత ఆ సణుగుడు వినడం కండక్టరుకు పండగలా ఉంది.

సగం దూరంలో బాట వాగు వైపు వాలింది. కింద ఇనుప కటకటాలు. వాలు మొదట్లో పిట్టల పేర్లు రాసిన బోర్డు ఒకటి ఉంది. బ్రేకులు వేసుకోమని చెప్పి కండక్టరు కళ్లజోడు వెతుక్కున్నాడు. బోర్డు చదివాడు. కళ్లజోడు జేబులో పెట్టాడు. పెట్టి, కుర్చీ పట్టుకోకముందే, వెనక గొట్టం మీద ఉంగరంతో టకటకా రెండు కొట్టాడు.

బస్సులో రెండు కొడితే కదలమని అర్థం. ఆ చప్పుడుకు డ్రైవరు ఏనాడూ వెనక్కి తిరిగి చూసినవాడు కాదు, చేతులే పని చేసుకుపోయేవి. ఇప్పుడూ అంతే. రెండు బ్రేకులూ వదిలేశాడు.

కండక్టరు చేతులకు గాలి దొరికింది.

కుర్చీ జారిపోతోంది. అతను పరుగెత్తాడు గాని, ఆ మోకాళ్లతో ఎంత పరుగెత్తగలడు! డ్రైవరు చక్రాలను చేతులతో నొక్కిపట్టాడు. అరచేతుల తోలు లేచిపోయింది. కటకటాలు దగ్గరకొస్తున్నాయి. చాచిపెట్టిన కట్టుకాలే వాటికి ముందు తగులుతుంది. ఘాట్ రోడ్డులో బ్రేకు పోతే బస్సును కొండ పక్కకు రాపాడించాలని అతనికి తెలుసు. ఎడమ చెయ్యి వదిలి కుడి చక్రాన్నే బిగించాడు. కుర్చీ కుడివైపు తిరిగి, చెక్క అంచును గీక్కుంటూ పోయి, కటకటాలకు జానెడు దూరంలో అడ్డంగా ఆగింది.

కండక్టరు వచ్చి ముందు కూలబడ్డాడు. డ్రైవరు అరచేతులు కట్టును కప్పి ఉన్నాయి. వాటి కింద ఎర్రటి మరక.

"నా చేతిదేరా అది," అన్నాడు డ్రైవరు. అరచెయ్యి తిప్పి చూసుకుని, "చేతిదే అనుకుంటా," అన్నాడు.

కట్టు విప్పే ధైర్యం ఇద్దరికీ లేదు. వాలు ఎక్కి గేటు చేరేసరికి కూతురు వచ్చి ఉంది. తండ్రి అరచేతులు చూసింది. బెంచీ పక్కకు కుర్చీ లాగి, కట్టు విప్పసాగింది. మొదటి పొర ఎరుపు. రెండోది ఎరుపు. మూడో పొర తెల్లగా వచ్చింది. కింద పుండు రేగలేదు.

"వాడు పట్టుకోకముందే నేనే బ్రేకు వదిలానమ్మా," అన్నాడు తండ్రి.

"రెండు కొట్టింది నేను," అన్నాడు కండక్టరు.

"ఇద్దరూ ఒక్క ముక్క మాట్లాడకండి." కొత్త గుడ్డ సగం చుట్టాక ఆమె అంది: "వచ్చే ఆదివారం నేను తోస్తాను. బాబాయ్ ముందు నడుస్తాడు."

"మరి టికెట్లు ఎవరు కొడతారు?" అన్నాడు డ్రైవరు.

ఎవరూ నవ్వలేదు. ఆమె చివరి ముడి వేసేదాకా కండక్టరు ఆ తెల్లగుడ్డ వంకే చూస్తూ నిలబడ్డాడు.